రూటు వ్యాను స్టార్టు కాకపోతే: కారణం కనుక్కునే పద్ధతి

సంఘాల తనిఖీకి వెళ్ళినప్పుడు మేము మొదట అడిగేది నగదు పుస్తకం, తరువాత వోచర్ల ఫైలు. సంఘంలో ఏం జరిగిందో చెప్పటానికి మనుషులు మొహమాటపడతారు గాని వోచర్లు మొహమాటపడవు. గౌతమి ఒడ్డున వున్న ఒక సంఘంలో కిందటి సంవత్సరపు వోచర్లు తిరగేస్తుండగా రూటు వ్యాను ఖాతాలో నాలుగు కాగితాలు వరుసగా తగిలాయి. ఆషాఢంలో సెల్ఫ్ మోటారు మరమ్మతు 1,800 రూపాయలు. శ్రావణంలో కొత్త బ్యాటరీ 6,800. పదిహేను రోజులు తిరక్కుండా యాక్సిలరేటరు కేబులు 350. భాద్రపదంలో మళ్ళీ సెల్ఫ్ మోటారు 2,200. వెరసి 11,150 రూపాయలు. ఇంత ఖర్చయిన తరువాత కూడా మేము వెళ్ళిన ఉదయం ఆ వ్యాను స్టార్టు కాలేదు.

ఈ పత్రికలో మేత గురించి, గాలికుంటు టీకా గురించి, వెన్నశాతం గురించి పాఠాలు చాలా వచ్చాయి. ఇంజను గురించి పాఠమేమిటని కొందరు సభ్యులు అనుకోవచ్చు. సొంత వ్యాను గాని, అద్దె వ్యాను గాని, జనరేటరు గాని లేని సంఘం ఇవాళ మన జిల్లాల్లో అరుదు. పొద్దున్న ఆరుంబావుకి ఆ ఇంజను కదలకపోతే ఏమవుతుందో పైన చెప్పిన సంఘంలోనే జరిగింది. గేదె పొదుగు నుంచి పాలు 37, 38 డిగ్రీల వేడితో బయటికి వస్తాయి. వాటిని 4 డిగ్రీలకు దించేదాకా సూక్ష్మజీవులు పెరుగుతూనే వుంటాయి. ఉక్కపోత ఉదయాల్లో ఆ పెరుగుదల అరగంటకు రెట్టింపు అనుకున్నా తప్పులేదు. శ్రావణంలో ఒకనాడు పద్నాలుగు క్యాన్లు సంఘం అరుగు మీద తొమ్మిదిన్నర దాకా వుండిపోయాయి. చివరికి అద్దె ఆటోలో బల్క్ కూలరుకు చేరాక, కాచి చూసే పరీక్షలో ఐదు క్యాన్లు విరిగాయి. అంటే రెండు వందల లీటర్లు. లీటరు ఏభై రూపాయల లెక్కన పది వేలు. ఆ నష్టాన్ని ఆ పక్షం బిల్లులో సభ్యులందరికీ పంచారు. ఒక్క గేదెతో సంసారం నెట్టుకొచ్చే సభ్యురాలు బిల్లు చీటీ పట్టుకుని, "నా పాలు బాగానే వున్నాయి గదండీ, నాకెందుకు కోశారు?" అని కార్యదర్శిని అడిగారు. కార్యదర్శి దగ్గర జవాబు లేదు.

పాలకవర్గం మాత్రం ఒక జవాబు వెతుక్కుంది. డ్రైవరు రాత్రి లైట్లు వేసి వదిలేస్తున్నాడని, అందుకే బ్యాటరీ దిగిపోతోందని తీర్మానించి, ఆ కుర్రవాడి జీతంలో 3,000 రూపాయలు రెండు వాయిదాల్లో కోసింది. అంతకుముందు తనిఖీలో మేము కూడా ఆ మాట విని, వాహనం తరచు నిలిచిపోవటానికి డ్రైవరు అజాగ్రత్త కారణమని నివేదికలో రాసి వున్నాము. ఇంజను మూత ఎత్తి చూడకుండానే రాశాము. కాకినాడ ఆంధ్రా పాలిటెక్నిక్‌లో డిప్లొమా చదివినవాళ్ళం చేయవలసిన పని కాదది.

ముందు చెవి, తరువాత స్పానరు

ఏ ఇంజను తిరగాలన్నా కావలసినవి కొద్దే. గాలి లోపలికి పోవాలి, నూనె అందాలి, గాలి గట్టిగా అణగాలి, సరైన క్షణంలో మంట పుట్టాలి. పెట్రోలు ఇంజనులో ఆ మంటను ప్లగ్గు నిప్పురవ్వ పుట్టిస్తుంది. డీజిలు ఇంజనులో ప్లగ్గు వుండదు. సిలిండరులోని గాలిని పిస్టను పద్దెనిమిది, ఇరవయ్యో వంతుకు అణిచేస్తే ఆ గాలి వేడి ఐదు వందల డిగ్రీలు దాటుతుంది. అందులోకి తుంపరగా చిమ్మిన డీజిలు దానంతటదే అంటుకుంటుంది. రుడాల్ఫ్ డీజిల్ అనే జర్మన్ ఇంజనీరు ఈ సూత్రం మీద 1897లో ఇంజను నడిపి చూపాడు. ఇప్పటికీ సూత్రం అదే. అయితే గాలి అంత వేడెక్కాలంటే ఇంజను చాలినంత వేగంగా తిరగాలి. నెమ్మదిగా తిరిగితే అణిగిన గాలి పక్కనుంచి జారిపోయి వేడి చాలదు. కాబట్టి డీజిలు వాహనానికి సెల్ఫ్, బ్యాటరీ బలంగా వుండటం పెట్రోలు వాహనానికన్నా ఎక్కువ అవసరం.

1912కు ముందు పెట్రోలు కార్లను ఎక్కువగా చేత్తో హ్యాండిలు తిప్పే స్టార్టు చేసేవారు. ఛార్లెస్ కెట్టరింగ్ అనే అమెరికన్ తయారుచేసిన ఎలక్ట్రిక్ సెల్ఫ్‌ను ఆ సంవత్సరపు కాడిలాక్ కారులో పెట్టాక హ్యాండిలు క్రమంగా మూలపడింది. హ్యాండిలు వెనక్కు తన్ని ముంజేయి విరిగిన డ్రైవర్ల కథలు మా చిన్నతనంలో లారీ షెడ్లలో విన్నాము. ఆ హ్యాండిలుకు ఒక సుగుణం వుండేది. ఇంజను బిగిసిందా, తేలికగా తిరుగుతోందా, అణుపు వుందా లేదా అన్నది తిప్పేవాడి చేతికే తెలిసిపోయేది. ఇప్పుడు ఆ పని చెవి చెయ్యాలి.

తాళం తిప్పినప్పుడు ఏం వినపడిందో డ్రైవరును అడగండి. "స్టార్టు కావటం లేదు" అన్నది జవాబు కాదు. డాక్టరు దగ్గరకు వెళ్ళి "బాగోలేదు" అంటే ఏ మందిస్తాడు? అసలు ఏ శబ్దమూ లేదా, టక్కున ఒక్క చప్పుడా, టకటకమని వరుస చప్పుళ్ళా, మూలుగుతూ నెమ్మదిగా తిరిగిందా, గిర్రున తిరిగి కూడా అందుకోలేదా, అందుకుని ఆగిపోయిందా? ఈ ఆరింటికీ కారణాలు వేరు వేరు చోట్ల వున్నాయి. గిర్రున తిరుగుతున్న ఇంజనుకు బ్యాటరీ మార్చటం, అసలు తిరగని ఇంజనుకు డీజిలు ఫిల్టరు మార్చటం మేము వోచర్లలో చూసిన పనులే.

సెల్ఫ్ తిరగనప్పుడు

ఇంజను తిరగకపోయినా, మూలుగుతూ తిరిగినా దోషం కరెంటు దారిలో వున్నట్టు. అక్కడ పరికరమేదీ లేకుండా చేసే పరీక్ష ఒకటుంది. పెద్ద లైట్లు వెయ్యండి. ఒకరు ఎదుట నిలబడి చూస్తుండగా మరొకరు సెల్ఫ్ కొట్టండి. లైట్లు పూర్తిగా ఆరిపోతే బ్యాటరీ దిగిపోయి వుంటుంది, లేదా బ్యాటరీ కొమ్ముల దగ్గర పట్టు వదిలి వుంటుంది. లైట్లు కాస్త తగ్గి సెల్ఫ్ బరువుగా మూలిగితే బ్యాటరీ సగం దిగి వుండవచ్చు, ఇంజను బిగుసుకుని కూడా వుండవచ్చు. లైట్లు ఏమాత్రం తగ్గకుండా వెలుగుతూ సెల్ఫ్ తిరగకపోతే, బ్యాటరీలో కరెంటు వుంది, అది సెల్ఫ్‌దాకా పోవటం లేదని అర్థం. ఈ మూడోదాన్ని సరిగ్గా గుర్తించిన సంఘం వేల రూపాయల బ్యాటరీ అనవసరంగా కొనదు.

బ్యాటరీ బలం తెలుసుకోవటానికి మల్టీమీటరు వుంటే మంచిది. ఎలక్ట్రికల్ షాపుల్లో కొద్ది వందల రూపాయలకే దొరుకుతుంది. పాలు పరీక్షించటానికి లాక్టోమీటరు పెట్టుకున్న సంఘానికి ఇది పెద్ద బరువు కాదు. రాత్రంతా ఆగి వున్న 12 వోల్టుల బ్యాటరీ 12.6 దగ్గర చూపిస్తే నిండుగా వున్నట్టు. 12.0 చూపిస్తే పావు వంతు మిగిలిందనుకోవాలి. సెల్ఫ్ తిరుగుతుండగా సుమారు 9.6 కంటే కిందికి పడిపోకూడదు. నీళ్ళు పోసే రకం బ్యాటరీ అయితే హైడ్రోమీటరుతో ఒక్కొక్క గదీ చూడవచ్చు. నిండు బ్యాటరీలో 1.265 నుంచి 1.280 వుంటుంది. ఐదు గదులు బాగుండి ఒక్కటి బాగా తక్కువ చూపితే ఆ బ్యాటరీ పోయినట్టే. లాక్టోమీటరు పని కూడా ఇదే గదా, నీళ్ళు కలిసిన పాలను పట్టినట్టే నీరసించిన యాసిడ్‌ను ఇది పడుతుంది.

మన డెల్టాలో మాత్రం బ్యాటరీ కన్నా ముందు అనుమానించవలసింది అతుకుల్ని. తేమ, సముద్రపు గాలి, కాలువ గట్ల బురద, క్యాన్లు కడిగిన నీళ్ళు, వ్యానులో ఒలికిన పాలు అన్నీ కలిసి ఇనుమును తింటాయి. కొమ్ము మీద తెల్లటి, పచ్చటి పొడి కనిపిస్తే తీగలు విప్పి, వేడి నీళ్ళలో వంటసోడా కలిపి కడిగి, గీకి, బిగించి, పైన పల్చగా గ్రీజు రాయాలి. విప్పేటప్పుడు మైనస్ తీగ ముందు, బిగించేటప్పుడు మైనస్ తీగ చివర. ఈ వరుస తప్పితే స్పానరు బాడీకి తగిలి మెరుపు లేస్తుంది. బ్యాటరీ దగ్గర బీడీ వెలిగించి నిలబడే అలవాటు కూడా మానాలి. చార్జి అవుతున్న బ్యాటరీలోంచి వచ్చే వాయువు నిప్పు తగిలితే పేలుతుంది.

పాత వ్యాను దగ్గర ఏం జరిగింది

ఇప్పుడు మా కథకు వద్దాము. ఆ ఉదయం తాళం తిప్పితే టకటకమని చప్పుడు, సెల్ఫ్ తిరగదు. లైట్లు వేయించాము. ఏమాత్రం తగ్గలేదు. బ్యాటరీ కొమ్ముల మధ్య మీటరు పెడితే ఊరక వున్నప్పుడు 12.5, సెల్ఫ్ కొడుతున్నప్పుడు 11.4. అంటే శ్రావణంలో కొన్న బ్యాటరీకి ఏ లోపమూ లేదు, సెల్ఫ్‌కు మాత్రం కరెంటు అందటం లేదు.

"ట్రాక్టరు బ్యాటరీ నుంచి కేబులు వేస్తే వెంటనే అందుకుంటుందండీ, ఎప్పుడూ అంతే" అన్నాడు డ్రైవరు. అధ్యక్షులు వెంటనే, "చూశారా, బ్యాటరీలో పసలేదనే గదా దానర్థం" అన్నారు. మేమూ ఒక్క క్షణం అలాగే అనుకున్నాము. తరువాత డ్రైవరును ఇంకో మాట అడిగాము: "బాబూ, నల్ల కేబులు ఎక్కడ తగిలిస్తావు?" ఇంజను మీది కొక్కెం చూపించాడు. అలా తగిలించటం సరైన పద్ధతే. అయితే అసలు కిటుకు అక్కడే వుంది.

వాహనంలో కరెంటు బ్యాటరీ ప్లస్ నుంచి లావు తీగలో సెల్ఫ్‌కు పోతుంది. తిరిగి వచ్చే దారికి వేరే తీగ వుండదు. ఇంజను ఇనుములోంచి, ఒక ఎర్త్ పట్టీ ద్వారా చాసిస్‌కు, అక్కడనుంచి బ్యాటరీ మైనస్‌కు చేరుతుంది. ఇంజను రబ్బరు దిమ్మల మీద కూర్చుని వుంటుంది కాబట్టి ఆ అల్లిక పట్టీయే అసలు వంతెన. అది తుప్పు పడితే కొద్దిపాటి కరెంటు పోతుంది గాని, సెల్ఫ్‌కు కావలసిన రెండు వందల ఆంపియర్ల పైచిలుకు పోదు. పూడిక పడిన తూములోంచి నారుమడికి నీరు అందుతుంది, శివారు చేలకు అందదు. ఇదీ అంతే. ట్రాక్టరు కేబులు నేరుగా ఇంజనుకు తగిలించినప్పుడు కరెంటు ఆ చెడిన పట్టీ దాటవలసిన పనే లేదు. అందుకని వెంటనే స్టార్టవుతోంది. పరీక్ష సరైనదే, దానికి చెప్పుకున్న అర్థమే తప్పు.

మీటరు ఒక ముల్లు బ్యాటరీ మైనస్ కొమ్ము మీద, రెండోది ఇంజను మీద గీకి శుభ్రం చేసిన చోట పెట్టి సెల్ఫ్ కొట్టించాము. అక్కడ అర వోల్టు కన్నా తక్కువ చూపాలి. 5 వోల్టులు చూపింది. బ్యాటరీ మైనస్ నుంచి ఇంజను కొక్కెందాకా ఒక్క కేబులు వేసి కొడితే, ట్రాక్టరు సాయం లేకుండానే, మొదటి చుట్టులో అందుకుంది. వ్యాను కిందికి దూరి పట్టీ విప్పితే పైకి బాగానే వుంది. లగ్గు కింద చిలుము, చాసిస్ వైపు తుప్పు పొర, అల్లికలో సగం పోగులు తెగి వున్నాయి. కొత్త పట్టీ 180 రూపాయలు.

నాలుగు వోచర్లూ అప్పుడు వాటంతటవే అర్థమయ్యాయి. సెల్ఫ్ విప్పి బెంచి మీద పెట్టి చూసిన మెకానికు కార్బన్లు మార్చాడు. సెల్ఫ్ మళ్ళీ బిగించేటప్పుడు ఆ పట్టీ కదిలి, కొంత పట్టు దొరికి, కొన్ని వారాలు నడిచింది. కొత్త బ్యాటరీ వేసినప్పుడూ అదే తంతు. ఇక 350 రూపాయల యాక్సిలరేటరు కేబులు. దాని తొడుగు కరిగిపోయి బిగుసుకుపోయిందని వోచరు వెనుక రాసి వుంది. కరెంటుకు సరైన దారి లేకపోతే దొరికిన దారిలో పోతుంది. ఇంజనునూ బాడీనీ కలుపుతున్న ఆ సన్నటి కేబులులోంచి సెల్ఫ్ కరెంటు పోయి కేబులు కాలింది. యాక్సిలరేటరు కేబులు కాలటం, గేరు కేబులు వేడెక్కటం ఎక్కడ చూసినా ముందు ఎర్త్ పట్టీ చూడండి. ఆ కాగితం మొదటి తనిఖీలోనే మా చేతుల్లోంచి పోయింది. మొత్తం సరిపోయిందా, సంతకం వుందా అని చూశాము గాని ఏం రాసి వుందో చదవలేదు.

గిర్రున తిరిగి కూడా అందుకోకపోతే

సెల్ఫ్ బాగా తిరుగుతున్నా ఇంజను అందుకోకపోతే బ్యాటరీని వదిలిపెట్టి నూనె దారి, గాలి దారి చూడాలి. ముందుగా ట్యాంకులో పుల్ల పెట్టి చూడండి. పాత బండ్లలో ముల్లు చెప్పేది నమ్మరాదు. పాత డీజిలు బండ్లలో ఇంజను ఆపటానికి లాగే స్టాప్ తీగ వుంటుంది. అది లాగినట్టే బిగుసుకుపోతే పంపు డీజిలు వదలదు. ఈ ఒక్క తీగను లోపలికి నెట్టి మెకానికులు మూడు వందలు పుచ్చుకోవటం మాకు తెలుసు. స్టాప్ సోలినాయిడ్ వున్న బండ్లలో తాళం తిప్పగానే పంపు దగ్గర చిన్న టిక్కు వినపడాలి. వినపడకపోతే దాని తీగ వూడిందేమో చూడాలి.

తరువాత పొగ గొట్టం వైపు చూడండి. సెల్ఫ్ తిరుగుతున్నంతసేపూ తెల్లటి పొగ వస్తుంటే డీజిలు సిలిండరులోకి పోతోంది, అంటుకోవటం లేదు. హీటరు ప్లగ్గులు పనిచెయ్యటం లేదో, సెల్ఫ్ వేగం చాలటం లేదో, ఇంజను అరిగి అణుపు తగ్గిందో చూసుకోవాలి. పొగే లేకపోతే డీజిలు అక్కడిదాకా రావటం లేదు. పాత రకం పంపు వున్న ఇంజనులో ఎయిరు పట్టిందేమో చూడటం మన డ్రైవర్లందరికీ తెలిసిన పని. ఫిల్టరు మీది బ్లీడింగు స్క్రూ వదులు చేసి, చేతి పంపు కొడుతూ నురగ పోయి నికరమైన డీజిలు వచ్చేదాకా ఆగి, పంపు కొడుతుండగానే స్క్రూ బిగించాలి. ఎయిరు తీసిన మర్నాడే మళ్ళీ పడితే తియ్యటం మాని, అది ఎక్కడ లోపలికి పీలుస్తోందో వెతకాలి. ట్యాంకు నుంచి వచ్చే రబ్బరు గొట్టం పగుళ్ళు, రాగి వాషర్లు, ఫిల్టరు రబ్బరు రింగు చూడండి.

వానాకాలంలో డీజిలులో నీళ్ళ తగాదా ఎక్కువ. సగం ఖాళీ ట్యాంకులో రాత్రి చల్లదనానికి లోపలి గాలిలోని తేమ బొట్లు కడుతుంది. లంక గ్రామాలకు డబ్బాల్లో డీజిలు మోసుకుపోయేవారికి ఇది మరీ ఎక్కువ. నీరు బరువు కాబట్టి అడుగున చేరుతుంది, ఫిల్టరు గిన్నె కింద స్క్రూ వదులు చేస్తే ముందు నీళ్ళే వస్తాయి. గాజు గ్లాసులో పట్టి చూడండి, పాలలో వెన్న తేరినట్టు రెండు పొరలు కనపడతాయి. సాయంత్రం ట్రిప్పు అయ్యాక ట్యాంకు నింపి పెట్టటం మంచి అలవాటు. పెట్రోలు బండ్లయినా అంతే. ఇప్పటి పెట్రోలులో ఎథనాలు కలుస్తోంది. అది నీటిని పీల్చుకుంటుంది, ఎక్కువైతే నీటితో కలిసి అడుక్కు దిగిపోతుంది.

గాలి దారి గురించి ఒక్కమాట. ఎయిరు ఫిల్టరు డబ్బాలో కందిరీగ గూడు, ఎలుక దాచిన వడ్లు, కొబ్బరి పీచు మేము కళ్ళారా చూశాము. నెల రోజులు కదలని జనరేటరుకైతే ఇది ముందు చూడవలసిన చోటు. గుడ్డ కాల్చి గాలి గొట్టం దగ్గర పట్టటం, ఈథరు స్ప్రే కొట్టటం కొందరు చేస్తారు. హీటరు ప్లగ్గులున్న ఇంజనులో స్ప్రే కొడితే గొట్టంలోనే పేలుతుంది. ఆ పని వద్దు.

కొత్త బండ్ల సంగతి వేరు. 2017 ఏప్రిల్‌లో దేశమంతటా బి.ఎస్.4, 2020 ఏప్రిల్‌లో బి.ఎస్.6 నియమాలు వచ్చాక వచ్చిన డీజిలు బండ్లలో చాలావాటికి కామన్ రైలు పద్ధతి వుంది. వాటి గొట్టాల్లో డీజిలు ఒత్తిడి వెయ్యి బార్లు దాటుతుంది. పాత అలవాటు చొప్పున ఇంజెక్టరు గొట్టం నట్టు వదులు చేసి చూస్తే ఆ ధార చర్మం కోసుకుని లోపలికి పోతుంది. చేతికి సూదిపోటంత గాయమే కనిపించినా వెంటనే పెద్ద ఆసుపత్రికి వెళ్ళాలి, లేకపోతే వేలు పోవచ్చు. ఆ బండ్లలో మనం చూడవలసింది బ్యాటరీ, ఎర్తులు, ఫ్యూజులు, ఫిల్టరులో నీళ్ళు, డాష్‌బోర్డు మీద తాళం గుర్తు దీపం. ఆ దీపం ఆరకుండా మెరుస్తుంటే బండి తాళాన్ని గుర్తుపట్టటం లేదు, రెండో తాళంతో ప్రయత్నించాలి. గిర్రున తిరిగి అందుకోకపోవటానికి క్రాంకు సెన్సారు కూడా కారణం కావచ్చు. అది స్కానరు వున్న మెకానికు పని. బ్యాటరీ పూర్తిగా దిగిన ఈ బండ్లను తోసి స్టార్టు చేద్దామనుకోవటం వృథా శ్రమ, కంప్యూటరుకు కరెంటు లేనిదే ఇంజెక్టరు తెరుచుకోదు.

ఏ బండి అయినా సెల్ఫ్‌ను పది సెకన్లకు మించి నొక్కరాదు. నొక్కిన ప్రతిసారీ నిమిషం ఆగాలి. కంగారులో నొక్కి పట్టుకుని కాల్చిన సెల్ఫ్ మోటార్లు ఎన్నో.

వరద నీట మునిగిన బండి

గోదావరి వచ్చినప్పుడు మన నియమం వేరే. 1986 ఆగస్టు వరదలోనూ, 2022 జూలై వరదలోనూ లంకలు మునిగాయి. నీరు తీసిన మర్నాడు పాలు తీసుకెళ్ళాలన్న ఆత్రుతతో తాళం తిప్పిన ఇంజన్లే ఎక్కువగా పోతాయి. గాలి అణుగుతుంది గాని నీరు అణగదు. సిలిండరులో నీరుండగా సెల్ఫ్ తిప్పితే పిస్టను నీటిని కొట్టుకుని కనెక్టింగు రాడ్డు వంగుతుంది. తాళం తిప్పక ముందు కొన్ని వందల రూపాయలతో పోయే పని తిప్పాక లక్షకు చేరుతుంది.

నీరు చక్రం మధ్య దాటి పైకి వచ్చిందనిపిస్తే ముందు బ్యాటరీ మైనస్ తీగ విప్పండి. ఎయిరు ఫిల్టరు డబ్బా తెరవండి. ఫిల్టరు తడిసి వుంటే ఇక మెకానికు వచ్చేదాకా ఎవరూ తాళం ముట్టుకోరాదు. అతను ఇంజెక్టర్లో, హీటరు ప్లగ్గులో విప్పి, ఇంజనును చేత్తో తిప్పి నీళ్ళు బయటికి చిమ్మిస్తాడు. ఆయిలు పుల్ల తీసి చూడండి. నల్లగా వుండవలసిన ఆయిలు పాలు కలిపిన కాఫీ రంగులో వుంటే నీరు చేరినట్టు, ఆయిలు, ఫిల్టరు రెండూ మార్చాలి. గేరుబాక్సు, డిఫరెన్షియల్ ఆయిళ్ళు కూడా. మోటారు బీమా వున్న సంఘం విప్పకముందే ఫోటోలు తీసి కంపెనీకి తెలియజెయ్యాలి, నీట మునిగాక తిప్పి పాడుచేసుకున్న ఇంజనుకు మామూలు పాలసీలో డబ్బు రావటం కష్టం.

జనరేటరుకూ ఇదే చదువు వర్తిస్తుంది. 1996 నవంబరు 6 తుఫానుకు కోనసీమలో కరెంటు స్తంభాలు వరసలుగా కూలి, చాలా గ్రామాలకు రోజుల తరబడి కరెంటు రాలేదు. అప్పటికి సంఘాల్లో బల్క్ కూలర్లు లేవు. ఇప్పుడున్నాయి, వాటిలో పాలు నిలవ వుండటం జనరేటరు మీద ఆధారపడి వుంది. పనిచెయ్యకుండా పడివున్న బ్యాటరీ దానంతటదే దిగిపోతుంది. వారానికోసారి పావుగంటసేపు, ఉత్తినే కాకుండా కూలరు లోడు వేసి నడపాలి. నడిపిన తేదీ, స్టార్టుకు ముందు బ్యాటరీ వోల్టులు ఒక పుస్తకంలో రాయండి. 12.6, 12.5, 12.3, 12.1 అని వరుసగా దిగుతుంటే తుఫాను రాకముందే తెలిసిపోతుంది. మేము తనిఖీకి వస్తే ఆ పుస్తకం కూడా అడుగుతాము.

ఆ సంఘంలో పట్టీ మార్చిన నాటి సాయంత్రమే పాలకవర్గం సమావేశమయింది. పట్టీ కొన్న 180 రూపాయల వోచరు ఆమోదించాక మేము మా పాత నివేదిక తెప్పించి, డ్రైవరు అజాగ్రత్త అన్న వాక్యాన్ని కొట్టివేసి, పక్కన కారణం రాసి, తేదీతో సంతకం చేశాము. అధ్యక్షులు కాసేపు మాట్లాడలేదు. తరువాత కార్యదర్శితో, "కోసిన మూడు వేలూ ఒకేసారి ఇచ్చెయ్యండి, తీర్మానంలో కారణం కూడా రాయండి" అన్నారు. మూలన నిలబడ్డ డ్రైవరును దగ్గరకు పిలిచి, ఆ తుప్పు పట్టిన పట్టీ ఏదని అడిగారు. కుర్రవాడు దాన్ని పారెయ్యలేదు, డాష్‌బోర్డు అరలోంచి తెచ్చి బల్ల మీద పెట్టాడు. సభ్యుల బిల్లుల్లో కోసిన పది వేల సంగతి ఇంకా తేలలేదు. సంవత్సరాంతపు మిగులులోంచి సర్దవచ్చునా అన్నది సర్వసభ్య సమావేశం అజెండాలో చేర్చారు.